గ్రంథాలయంలో పుస్తక చర్చ – నాలుగో పాఠం: ప్రశ్న వేయడం, వేశాక ఆగడం

మూడో పాఠంలో, చర్చ నడిపే మిమ్మల్ని పది ప్రశ్నలు రాసుకుని వెళ్లమని చెప్పాను. చాలామంది ఆ పదింటినీ వరసగా చదివారనీ, సభ్యులు తలా ఒక వాక్యం చెప్పి ఊరుకున్నారనీ, గంటన్నర సాగవలసిన చర్చ అరగంటలో ముగిసిందనీ మీ ఉత్తరాల వల్ల తెలిసింది. పది రాసుకోమన్నది వాటిలోంచి రెండు ఏరుకోవడానికేనని అప్పుడే చెప్పి ఉండవలసింది. నేనైతే ఆ రెంటినీ రెండు కాగితపు ముక్కల మీద రాసి పుస్తకంలో ఆయా పుటల దగ్గర పెట్టుకుంటాను. వేరే కాగితం చేతిలో ఉంచుకోను.

కుర్చీలు గుండ్రంగా వేయడం, లైబ్రేరియన్‌తో ముందుగా మాట్లాడి సమయం ఖాయం చేసుకోవడం మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు.

మీరు పంపిన ప్రశ్నల్లో తరచుగా కనబడినది ఒకటే: ‘ఈ పుస్తకం ద్వారా రచయిత ఇచ్చిన సందేశం ఏమిటి?’ దయచేసి ఈ ప్రశ్నను పూర్తిగా మానేయండి. పదో తరగతి పరీక్షలో మార్కుల కోసం రాసిన జవాబు ప్రతి ఒక్కరికీ గుర్తుంటుంది కాబట్టి, అడగగానే అదే బయటికి వస్తుంది. గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’ మీద ఇలా అడిగితే ఎవరో ఒకరు ‘ఆడపిల్లల్ని అమ్ముకోవడం తప్పు’ అంటారు, అందరూ తలలూపుతారు, ఆపైన మాట్లాడడానికేమీ మిగలదు. ‘నేటి సమాజానికి ఈ నాటకం ఎలా ఉపయోగపడుతుంది?’ అన్నదీ అదే ప్రశ్న. ‘మీకు నచ్చిన పాత్ర ఏది?’ అన్నది కొంత నయమే గాని, గిరీశం పేరు చెప్పి నవ్వుకోవడంతో సరిపోతుంది.

వీటికి బదులు ఒక ఘట్టాన్ని పట్టుకోండి. ఏడో అంకం చివర మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లిన వేశ్య మధురవాణి, తాను చేసే సాయానికి ప్రతిఫలంగా ముద్దు అడుగుతుంది. తీరా ఆయన ఒప్పుకున్నాక తానే వద్దంటుంది. ఎందుకు? మా శాఖా గ్రంథాలయంలో ఈ ప్రశ్న వేశాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చివరికి కుట్టుపని చేసుకునే ఒక సభ్యురాలు, గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్టు తీసి, ఆ పుట తెరిచి, ‘చెడని వాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందని ఇక్కడ అంటోంది కదండీ, మరి అడగడం ఎందుకు? ఆయన ఎంతవరకు దిగుతాడో చూద్దామనే’ అన్నారు. ఒక విశ్రాంత ఉపాధ్యాయులు వెంటనే కాదన్నారు. అక్కడి నుంచి ముప్పావు గంట నేను నోరు తెరవవలసిన అవసరం రాలేదు.

ఆ మౌనాన్ని భరించలేక జవాబు మీరే చెప్పేస్తే, తర్వాతి ప్రశ్నకు కూడా అందరూ మీ జవాబు కోసమే ఎదురుచూస్తారు. మనసులో ముప్పై వరకు లెక్కపెట్టండి.

1897 నాటి మొదటి కూర్పుకూ, గురజాడ తిరగరాసిన 1909 నాటి కూర్పుకూ చాలా తేడా ఉంది కనుక, ఏది చదవాలో ముందే ప్రకటించండి. తర్వాతి ముద్రణల్లో పుటల సంఖ్యలు కలవవు. అంకం, స్థలం (అంకంలోని రంగం) చెప్పి వెతికించడం మేలు.

అభ్యాసం: ఏడో అంకం చివరి స్థలాన్ని మూడుసార్లు చదివి, పన్నెండు ప్రశ్నలు రాసి, పుస్తకం తెరవకుండా జవాబు చెప్పగలిగినవన్నీ కొట్టేయండి. రెండుకంటే తక్కువ మిగిలితే మళ్లీ మొదటి నుంచి చేయండి. మిగిలిన ప్రశ్నలను వచ్చే పాఠంలోగా నాకు పంపండి.