పాత ఫిలిం లెన్స్‌ని డీఎస్‌ఎల్‌ఆర్‌కి తగిలించే ముందు

శ్రావణం పెళ్లిళ్లు దగ్గరపడుతున్నాయి. బీరువాలో ఉన్న నాన్నగారి లెన్స్‌నో, మూసేస్తున్న స్టూడియోలో అమ్మకానికి పెట్టిన 50 ఎంఎంనో తెచ్చుకుని డిజిటల్ బాడీకి (లెన్స్ లేని కెమెరాకి) పెట్టి చూడాలని చాలామంది ఉబలాటపడే టైమ్ ఇది. పెట్టండి, ఆ గాజుతో వచ్చే ఫొటో నాకూ చాలా ఇష్టం. కాకపోతే బాడీ దగ్గరికి తీసుకెళ్లే ముందు లెన్స్‌ని తిరగేసి వెనక వైపు బాగా చూడండి, బాడీకి దెబ్బ తగిలేది అక్కడి నుంచే.

నికాన్ వాళ్లకి ముందు చెప్తాను, ప్రమాదం ఎక్కువ వాళ్లకే. ఎఫ్ మౌంట్ (నికాన్‌లో లెన్స్ బాడీకి బిగిసే చోటు) 1959 నుంచీ అదే కాబట్టి ఏ పాత నిక్కార్ (నికాన్ లెన్స్) అయినా ఏ బాడీకైనా ఎక్కుతుందని కొందరు ధైర్యంగా చెప్పేస్తుంటారు, నమ్మకండి. 1977లో ఏఐ పద్ధతి వచ్చింది, అంటే లెన్స్ అపర్చర్ ఎంతలో ఉందో రింగ్ అంచు ద్వారా బాడీకి తెలిసే ఏర్పాటు. అంతకుముందు లెన్సుల్లో అపర్చర్ రింగ్ (లోపలికి వచ్చే వెలుతురుని తగ్గించి పెంచే రింగ్) వెనక అంచు చుట్టూతా నిండుగా ఉంటుంది, ఏఐ లెన్సుల్లో ఆ అంచు కొంతమేర కోసి ఉంటుంది. డీ7000, డీ7200, డీ750, డీ850 లాంటి బాడీల్లో మౌంట్ పక్కనే ఒక చిన్న మీట బయటికి వచ్చి ఉంటుంది, పాత లెన్స్ అంచు సరిగ్గా దాని మీద పడుతుంది, ఎక్కట్లేదని ఇంకాస్త గట్టిగా తిప్పారంటే మీట విరిగిపోవచ్చు. గుర్తుపట్టడం తేలికే. రింగ్ మీద అపర్చర్ అంకెలకి తోడు మౌంట్ పక్కన ఇంకో వరస చిన్న అంకెలు ఉంటే అది ఏఐ. ఒకే వరస ఉండి, పైన రెండు కొమ్ముల్లా ఉండే లోహపు ముక్కకి రంధ్రాలు కూడా లేకపోతే పాతదే అనుకుని పక్కన పెట్టేయండి. డీ3400, డీ5600 లాంటి చిన్న బాడీల్లో ఆ మీటే లేదు, అందుకని ఇవి పాతవాటిని కూడా తీసుకుంటాయి. మీటరింగ్ (కెమెరా వెలుతురు కొలిచి చెప్పడం) మాత్రం ఉండదు, ఎం (మాన్యువల్) మోడ్‌లో పెట్టి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల గ్రాఫ్) చూసుకుంటూ తీయాలి. వెనక గాజు బాగా లోపలికి చొచ్చుకొచ్చే పాత 21 ఎంఎం ఎఫ్4, కొన్ని ఫిష్‌ఐలు అయితే వీటికి కూడా పెట్టకూడదు, మిర్రర్‌కి (బాడీ లోపల లేచి పడే అద్దానికి) తగులుతాయి.

ఏఎఫ్-డీ లెన్స్ (అపర్చర్ రింగ్ ఉన్న నికాన్ ఆటోఫోకస్ లెన్స్) పెట్టగానే డిస్‌ప్లేలో ఎఫ్ఈఈ అని వస్తే టెన్షన్ పడొద్దు. రింగ్‌ని చివరి అంకెకి, అంటే 16కో 22కో తిప్పి లాక్ చేయండి, పోతుంది.

కెనాన్ వాళ్ల లెక్క వేరు. 1987 నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్సులు ఫిలిం కాలానివైనా హాయిగా పనిచేస్తాయి. అంతకుముందు ఎఫ్‌డీ లెన్సులు మాత్రం కొనకండి. మౌంట్ నుంచి ఫిలిం దాకా వాటికి కావలసిన దూరం 42 ఎంఎం, ఈఎఫ్ బాడీల్లో ఉన్నది 44, కాబట్టి గాజు లేని అడాప్టర్‌తో దూరంగా ఉన్నదేదీ ఫోకస్ అవదు, గాజు ఉన్న చవక అడాప్టర్ పెడితే క్వాలిటీ పోతుంది. ఎం42 మర లెన్సులు (హీలియోస్, టాకుమార్) కెనాన్‌కి మామూలు అడాప్టర్‌తో చక్కగా వస్తాయి, నికాన్‌కి అయితే దాదాపు 1 ఎంఎం తేడా వల్ల అదే ఇన్ఫినిటీ (బాగా దూరంలో ఉన్నవాటి ఫోకస్) సమస్య. పెంటాక్స్ కే లెన్సుల వెనక పొడవాటి మీట ఉంటుంది, అది బాడీలో దేనికీ తగలదని చూసుకున్నాకే బిగించండి.

ఫుల్‌ఫ్రేమ్ బాడీలో (సెన్సర్ 35 ఎంఎం ఫిలిం అంత ఉండేదానిలో) మిర్రర్ పెద్దది, అందుకే అడాప్టర్‌తో పెట్టిన లెన్స్‌ని నేరుగా ఇన్ఫినిటీకి తిప్పి షటర్ నొక్కకండి. చాలా లెన్సుల్లో వెనక గాజు బాగా లోపలికి వచ్చేది ఇన్ఫినిటీ దగ్గరే. ముందు అతి దగ్గర ఫోకస్‌లో ఒక షాట్ తీసి, కొంచెం కొంచెంగా తిప్పుతూ ప్రతిసారీ ఒకటి తీయండి. శబ్దం తేడాగా అనిపించినా, ఎర్రర్ వచ్చినా అక్కడితో ఆపేయండి. లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ తీసే పద్ధతిలో) ఈ పరీక్ష చేయొద్దు, అందులో మిర్రర్ పైనే ఉంటుంది కాబట్టి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఆపగానే అది కిందికొచ్చి తగులుకుంటుంది.

కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. సన్నని దారాల్లా కనిపిస్తే ఫంగస్, పొగ పట్టినట్టుంటే హేజ్. రింగ్‌ని చిన్న అపర్చర్‌కి తిప్పి వెనక మీటని వేలితో కదిపి వదలండి, బ్లేడ్లు టక్కున కదలాలి. నూనె పట్టి మెల్లగా కదిలితే నికాన్ మీద ఫొటోలు తెల్లగా పోతాయి, ఎందుకంటే అపర్చర్ మూసుకునేది షటర్ నొక్కిన క్షణంలోనే.

పాత ఫ్లాష్ కూడా లెన్స్‌తోపాటు ఇస్తామంటే తీసుకోండి గానీ ట్రిగ్గర్ వోల్టేజ్ (ఫ్లాష్ నుంచి కెమెరాకి తగిలే వోల్టేజ్) కొలిపించకుండా కెమెరా మీద పెట్టొద్దు, కొన్నింట్లో వందల వోల్టులు ఉంటుంది.

పెళ్లికి తీసుకెళ్తుంటే నా మాట వినండి, జీలకర్ర-బెల్లం, తాళి, తలంబ్రాలు మీ ఆటోఫోకస్ లెన్స్‌తోనే తీయండి. ఇప్పటి వ్యూఫైండర్ స్క్రీన్లు మాన్యువల్ ఫోకస్ కోసం చేసినవి కావు, ఎఫ్1.4లో కన్ను షార్ప్‌గా ఉందనుకుంటాం, తీరా కంప్యూటర్‌లో చూస్తే చెవి షార్ప్‌గా ఉంటుంది. పెళ్లికూతురి సింగిల్స్‌కి, మండపం అలంకరణకి పాత లెన్స్ వాడండి, అక్కడ లైవ్ వ్యూ జూమ్ చేసి తీరిగ్గా ఫోకస్ పెట్టుకోవచ్చు.

ఇంటికొచ్చాక లెన్స్‌ని దాని పాత తోలు కేస్‌లో పెట్టకండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, వానాకాలంలో ఫంగస్‌కి అంతకంటే ఏం కావాలి! బియ్యం డబ్బాలో కూడా వద్దు, దుమ్ము చేరుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటర్ ఉంటే చాలు, ముల్లు 40, 50 శాతం మధ్యలో ఉండేట్టు చూసుకోండి. ఫంగస్ ఉన్న లెన్స్‌కి మాత్రం వేరే డబ్బా పెట్టండి.