పల్లేరు కషాయాన్ని మనుషులపై పరీక్షించే ముందు జాగ్రత్తలు

పల్లేరు కషాయం తాగితే మూత్రం జారీ అవుతుందని తరతరాల నమ్మకం. దాన్ని పరీక్షించాలంటే ముందు కాయ ఏదో తేల్చుకోండి. మూలికల కొట్లో చిన్న పల్లేరూ ఇవ్వొచ్చు, ఏనుగు పల్లేరూ ఇవ్వొచ్చు. రెండూ వేర్వేరు మొక్కలు. తెలిసినవాళ్లతో గుర్తింపు చేయించి, కొంత నమూనా దాచిపెట్టండి.

ఎథిక్స్ కమిటీ (పరీక్షలో పాల్గొనేవాళ్ల క్షేమం చూసే సంఘం) అనుమతి, సీటీఆర్‌ఐలో (మనుషులపై చేసే పరీక్షల జాతీయ రిజిస్టరులో) నమోదు మొదటి మనిషిని చేర్చుకోకముందే పూర్తవ్వాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీ, షుగర్ మాత్రలు లేదా మానసిక జబ్బుకిచ్చే లిథియం మాత్రలు వాడేవాళ్లు వద్దు. పల్లేరులో పొటాషియం లవణాలు ఉంటాయి కాబట్టి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం ముందే చూడాలి. ఇందులో మొహమాటపడొద్దు.

గ్లాసుడు కషాయం తాగితే ఆ నీళ్లకే మూత్రం వస్తుంది. అందుకే పోల్చి చూసే గుంపుకి అదే వేళకి, అంతే కొలతలో మామూలు నీళ్లివ్వాలి. టీ, కాఫీ ముందురోజు నుంచే మాన్పించండి. రోజంతా తాగిన ప్రతి గ్లాసూ రాయించండి.

24 గంటల మూత్రం పట్టడంలోనే ఎక్కువ లెక్కలు తప్పుతాయి. పొద్దున లేవగానే వచ్చింది పారబోసి, టైం రాసుకోవాలి. ఆ తర్వాతిదంతా డబ్బాలోకే. మర్నాడు అదే టైంకి వచ్చింది కూడా కలపాలి. బయటికెళ్లేవాళ్లకి మూతున్న చిన్న సీసా ఇచ్చి పంపండి.

కళ్లు తిరిగినా, గుండె దడ వచ్చినా, కండరాలు నీరసించినా కషాయం వెంటనే ఆపి డాక్టరుకి చూపించాలి. ఆ డాక్టరు ఫోన్ నంబరు ప్రతి ఒక్కరి చేతిలో ముందే ఉండాలి.