కొత్త హెడ్ కోచ్ తొలి ఏడాది ఓటములను బేరీజు వేయడం ఎలా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కొత్త హెడ్ కోచ్ వచ్చిన ఏడాదే జట్టుకు గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైతే, నవంబరు ముగిసేసరికి అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోతారు. గడువు ఇవ్వాలనేవారు కొందరు, వెంటనే సాగనంపాలనేవారు మరికొందరు. ఇరువర్గాలూ చూపించేది మాత్రం ఒకే గెలుపోటముల పట్టిక. పన్నెండు మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్‌లో సాధారణంగా ఆరు గెలిస్తేనే సీజన్ తరువాత జరిగే ప్రత్యేక బౌల్ మ్యాచ్‌కు అర్హత, దానితోపాటు డిసెంబరులో అదనపు సాధనకు అవకాశం దక్కుతాయి కనుక ఐదుకూ ఆరుకూ మధ్య తేడా విశ్వవిద్యాలయానికి చిన్నది కాదు. అయితే కోచ్ పనితనాన్ని అంచనా వేయడానికి ఆ పట్టిక ఒక్కటే చాలదు.

ముందుగా అతని చేతికి ఎలాంటి జట్టు వచ్చిందో చూడాలి. కోచ్ మ్యాట్ రూల్ 2017లో బేలర్ విశ్వవిద్యాలయానికి వచ్చేనాటికి అక్కడి ఫుట్‌బాల్ విభాగం ఒక పెద్ద కుంభకోణంతో కుదేలై ఉంది. ఆ ఏడాది జట్టు ఒక్క మ్యాచే గెలిచి పదకొండు ఓడింది, మరుసటి ఏడాది 7-6కు, 2019లో 11-3కు చేరింది. డియాన్ శాండర్స్ 2023లో కొలరాడోను 4-8తో ముగించినప్పుడు అది వైఫల్యంగానే కనిపించింది గానీ, అంతకు ముందటి ఏడాది ఆ జట్టు 1-11తో ఉన్న సంగతితో పోల్చి చూస్తే ఆ అంకెకు అర్థమే మారిపోతుంది. పాత జట్టు ఎంత బలహీనమో, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు వేరే కాలేజీకి మారే వ్యవస్థ) ద్వారా ఎందరు వెళ్లిపోయారో, వారి స్థానాల్లో ఎవరు వచ్చారో తెలుసుకున్నాకే ముందుకు సాగాలి.

తరువాత ఓటములను రెండుగా విడదీయాలి: ఎనిమిది పాయింట్లు, అంతకన్నా తక్కువ తేడాతో, అంటే ఒక్క స్కోరు దూరంలో పోయినవి ఒకవైపు, మొదటి సగంలోనే చేజారినవి మరోవైపు. స్వల్ప తేడా మ్యాచ్‌లలో అదృష్టం పాలు ఎక్కువ. జారిన బంతి ఎవరి చేతిలో పడుతుందనేది కూడా చాలావరకు అదృష్టమే. అందుకే అలాంటి ఓటములు ఎక్కువగా ఉన్న జట్టు మరుసటి ఏడాది మెరుగుపడుతుందని ఆశించడంలో తప్పులేదు. అయితే ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మకూడదనడానికి నెబ్రాస్కాయే సాక్ష్యం. అక్కడి కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ తన తొలి ఏడాది, 2018లో, వరుసగా ఆరు మ్యాచ్‌లు ఓడి 4-8తో ముగించాడు. నాలుగో ఏడాది, 2021లో, ఆ జట్టు 3-9తో నిలిచింది. ఆ తొమ్మిది ఓటముల్లో ఏ ఒక్కటీ తొమ్మిది పాయింట్ల తేడా దాటలేదు. దురదృష్టమే అనుకున్నవారు చాలామంది ఉన్నారు. 2022 ఆగస్టులో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్‌పై 28-17 ఆధిక్యంలో ఉండగా ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్‌కు, అంటే బంతిని దగ్గరగా తన్ని తామే తిరిగి దక్కించుకునే ప్రయత్నానికి, ఆదేశించాడు. బంతి ప్రత్యర్థికి దక్కింది, నెబ్రాస్కా 31-28తో ఓడింది. ఆధిక్యంలో ఉన్న జట్టుకు ఆ సాహసంతో పనేమిటో నాకు ఈనాటికీ అర్థం కాదు. కొద్ది తేడాతో ఓడడం ఏళ్ల తరబడి కొనసాగితే అదృష్టాన్ని వదిలేసి, చివరి క్వార్టర్‌లో కోచ్ తీసుకునే నిర్ణయాలను ఒక్కొక్కటిగా పరిశీలించాలి.

వీలైతే ఒకటి రెండు మ్యాచ్‌ల రికార్డింగ్ మళ్లీ చూడండి. బంతిని వదిలేసి అఫెన్సివ్ లైన్‌ను, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుసను, మాత్రమే గమనించండి. 2023 కొలరాడో ఆటలో జబ్బు అక్కడే ఉంది: క్వార్టర్‌బ్యాక్ షెడ్యూర్ శాండర్స్‌ను ప్రత్యర్థులు ఆ సీజన్‌లో 52 సార్లు శాక్ చేశారు, అంటే బంతి విసరకముందే పడగొట్టారు. స్టాన్‌ఫర్డ్‌పై మొదటి సగం ముగిసేసరికి 29-0తో ముందున్న జట్టు రెండో ఓవర్‌టైమ్‌లో 46-43తో ఓడిన మ్యాచ్‌ను చూస్తే, ఆధిక్యాన్ని కాపాడుకునే బలం దానికి ఇంకా రాలేదని తెలుస్తుంది. ఇలాంటి లోపం కొత్త ఆటగాళ్లతో సరిదిద్దదగినది. 2024లో ఆ జట్టు 9-4కు చేరింది.

సీజన్ ముగిశాక చూడవలసింది కోచ్ మాటలను కాదు, పనులను. విఫలమైన విభాగపు కోఆర్డినేటర్‌ను (దాడి లేదా రక్షణను చూసే సహాయ కోచ్‌ను) మార్చాడా, డిసెంబరు సంతకాల సమయంలో ముందే మాట ఇచ్చిన హైస్కూలు కుర్రాళ్లు నిలిచారా, ఉన్నవారిలో మంచి ఆటగాళ్లు పోర్టల్ బాట పట్టారా అన్నవి చాలు. ఒప్పందంలోని బైఔట్ మొత్తం (గడువుకు ముందే తొలగిస్తే కోచ్‌కు చెల్లించాల్సిన సొమ్ము) కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే తొలగింపు కేవలం ఆటకు సంబంధించిన నిర్ణయం కాదు: టెక్సస్ ఏ అండ్ ఎం 2023లో జింబో ఫిషర్‌ను పంపించడానికి 7.5 కోట్ల డాలర్లకు పైగా భారం తలకెత్తుకుంది.

ఇక వాదనలో ఎవరో ఒకరు ప్రసిద్ధ కోచ్ నిక్ సబాన్ పేరు తప్పక తెస్తారు. 2007లో అలబామాలో అతని తొలి జట్టు లూసియానా-మన్రో చేతిలో 21-14తో ఓడి, మైదానంలో 7-6తో ముగించిన మాట నిజమే. అయితే ఆ ఉదాహరణను సగంలో ఆపకూడదు. 2008 ఫిబ్రవరిలో అతను జూలియో జోన్స్‌నూ, మార్క్ ఇంగ్రమ్‌నూ చేర్చుకున్నాడు. ఇంగ్రమ్ 2009లో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ గెలిచాడు, జట్టు ఆ సీజన్‌ను 14-0తో ముగించి జాతీయ విజేత అయింది. మీ కోచ్‌ను సబాన్‌తో పోల్చేవారిని ముందుగా అడగవలసింది ఆ తొలి ఏడాది తరువాత మీ కోచ్ ఎవరెవరిని చేర్చుకున్నాడనే.