ఫోన్‌లో ఏది, నోట్‌బుక్‌లో ఏది: గ్రూప్-2కి నేను తేల్చుకున్న లెక్క

శ్రీకాకుళంలో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నప్పుడు నా ఇబ్బంది నోట్స్ లేకపోవడం కాదు, మరీ ఎక్కువైపోవడం. ఫోన్ నిండా పీడీఎఫ్‌లు. రివిజన్ అనగానే టెన్షన్. అలాగని అన్నీ చేత్తో రాస్తూ కూర్చుంటే సిలబస్ సగం కూడా తెమలదు.

చివరికి ఒకే ప్రశ్నతో విడగొట్టాను: ఈ విషయం మారేదా, మారనిదా? జిల్లాలే చూడండి. 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. మా పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లిపోయాయి. పాత నోట్స్‌లో ఆ పేజీ అంతా కొట్టివేతలే. ఇలాంటివి, పథకాలు, కరెంట్ అఫైర్స్ ఇప్పుడు ఫోన్‌లోనే. దిద్దడం సులువు, వెతకడం ఇంకా సులువు.

నదులు, చరిత్ర, రాజ్యాంగం మాత్రం నోట్‌బుక్‌లో. వంశధార ఒడిశా నుంచి దిగి, గొట్టా బ్యారేజీ దాటి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేదాకా చేత్తో ఒక గీత గీస్తే ఇక మర్చిపోను. పేజీకి ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పు జాగా వదిలి, అక్కడ ప్రశ్నలు మాత్రమే రాస్తాను. రివిజన్‌లో కుడివైపు అట్టతో మూసేసి, జవాబు పైకి చెప్పుకోవడమే.

2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ చేసిన పరిశోధనలో లాప్‌టాప్ మీద రాసుకున్నవాళ్లు మాటకు మాట దింపేశారని, భావం అడిగే ప్రశ్నల్లో వెనకబడ్డారని తేలింది. 2019లో మళ్లీ చేసి చూసినవాళ్లకు అంత స్పష్టమైన తేడా కనబడలేదు. నన్నడిగితే మక్కీకి మక్కీ దింపితే పెన్నుతో రాసినా అంతే.

రాసిన పేజీలను ఆదివారాలు ఫోన్‌తో స్కాన్ చేసి దాచుకుంటాను. తుపాన్ల సీజన్లో మా రూమ్ పైకప్పును నమ్మలేం మరి.