ఓడెక్కిన ముత్తాత దొరకడం లేదా? ముందు ఇంటిపేరు పక్కన పెట్టండి

మా నాయనమ్మకి చిన్నాన్న ఒకాయన "ఓడెక్కి ఎల్లిపోనాడు". మా ఇంట్లో అతని గురించి తెలిసింది అంతే. పరాయి దేశానికి కూలికి పోయి, అక్కడ ఇంటిపేరు మార్చేసుకున్నాడని, అందుకే జాడ లేదని మా పెదనాన్న గట్టిగా చెప్పేవారు. అది నమ్మి నేను మూడేళ్ళు పాడుచేసుకున్నాను. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇలాంటి మనిషి ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వెతికేవాళ్ళకి ఎక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో, ఏం చేస్తే కదులుతుందో రాస్తున్నాను.

సమస్య: ఇంటిపేరుతో వెతికితే ఒక్కడూ రావడం లేదు

కారణం: అతను మార్చుకుని ఉండకపోవచ్చు. అసలు ఎవరూ రాసి ఉండరు. ఒప్పంద కూలీలు, అంటే తెల్లదొరల కాలంలో కొన్నేళ్ళ ఒప్పందం రాసి పరాయి దేశాల తోటల్లో పనికి ఓడెక్కినవాళ్ళు, వాళ్ళ జాబితాల్లో మన ఇంటిపేరుకి గడే లేదు. నేటాల్ (డర్బన్ ఉన్న దక్షిణాఫ్రికా ప్రాంతం) వెళ్ళిన ఓడల జాబితాలు చూడండి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు. అంతే. "నీ పేరేటి?" అంటే "అప్పడు" అంటాడు. "నీ బాబు పేరేటి?" అంటే "సింహాద్రి" అంటాడు. అక్కడితో గుమస్తా పని అయిపోయింది. మరో చిక్కు, మన ఇంటిపేరు పేరుకి ముందుంటుంది, తెల్లవాడికి కావలసింది వెనకుంటుంది. పిల్లలు పుట్టి, బడికో పెళ్ళికో కాగితం రాయాల్సి వచ్చినప్పుడు వెనక ఏదో ఒకటి పెట్టాలి. తండ్రి పేరో తాత పేరో పెట్టేశారు. అలా ఇక్కడి అప్పడు మారిషస్‌లో అపాడూ అనే వంశమయ్యాడు. మన దగ్గర పేరు చివర మర్యాదగా తగిలించే నాయుడు దక్షిణాఫ్రికాలో నాయిడూ అనే ఇంటిపేరయింది. ఇద్దరు అన్నదమ్ములు వెళితే వాళ్ళ మనవలకి రెండు వేరే ఇంటిపేర్లు ఉన్నా ఆశ్చర్యం లేదు.

పరిష్కారం: పేరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడూ కలిపి వెతకండి. మనిషి తగిలాక అతని నంబరు పట్టుకోండి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా నేటాల్‌కి సుమారు 1,52,000 మంది వెళ్ళారు, ప్రతివాడికీ ఒక నంబరు. పెళ్ళి, పిల్లల పుట్టుక, మళ్ళీ ఒప్పందం, చావు, అన్నిటి మీదా ఆ నంబరే ఉంటుంది. పేరు పదిరకాలుగా రాసినా నంబరు మారదు. మారిషస్‌దీ అదే పద్ధతి. 1834 నుంచి అక్కడికి వెళ్ళిన సుమారు నాలుగున్నర లక్షల మంది కాగితాలు అక్కడే మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 1860ల తర్వాత వెళ్ళినవాడైతే ఫోటో కూడా దొరికే అవకాశం ఉంది. ఫిజీ కాగితాలు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు మొదలయింది 1903లో. మీవాడు అంతకు ముందే వెళ్ళాడంటే ఫిజీని చివరికి ఉంచుకోండి.

సమస్య: పేరు ఇలాగే ఉండాలి, కానీ రాసింది వేరే

పలికింది ఉత్తరాంధ్ర నోరు, విన్నది మద్రాసు డిపో (ఓడెక్కే ముందు కూలీల్ని ఉంచే చోటు) గుమస్తా, రాసింది ఇంగ్లిషు లిపి. మారిషస్‌లో దిగాక ఫ్రెంచి చెవి అదనం. సింహాద్రిలో హకారం ఎగిరిపోయి సిమాద్రీ, సింగాద్రీ కావచ్చు. సన్యాసి సనాసీ కావచ్చు. చివర "డు" ఉంటే "డూ" అని వెతకండి. ఒత్తులు తీసేసి, పేరులో మొదటి మూడు హల్లులు మాత్రం పట్టుకుని పైకి చదవండి. నేను జాబితాలు కళ్ళతో కాదు, నోటితో చదువుతాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

సమస్య: ఊరు మ్యాపులో లేదు, లేదా ఎక్కడో ఉంది

గోల్గొండ అని కనబడగానే హైదరాబాదు కోట అనుకున్నాను. అప్పట్లో నర్సీపట్నం ముఖ్య కేంద్రంగా గొలుగొండ తాలూకా ఉండేది. అలాగే సర్వసిద్ధి అంటే యలమంచిలి వైపు, వీరవల్లి అంటే చోడవరం వైపు. బిమ్లిపటం మన భీమిలి. చికాకోల్ అంటే శ్రీకాకుళం, అది అప్పుడు గంజాం జిల్లా. అందుకే శ్రీకాకుళం మనిషి జిల్లా గడిలో గంజాం అని ఉంటే ఒరియా అనుకోకండి. పాలకొండ మాత్రం వైజాగపటం జిల్లాలోది. ఆ తర్వాత 1936లో ఒడిశా, 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి విడిపోయాయి కాబట్టి నేటి జిల్లా పేరుతో వెతకడం దండగ. ఫ్రాన్సిస్ రాసిన 1907 నాటి వైజాగపటం జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాల సర్కారు పుస్తకం) పక్కన పెట్టుకుంటే పాత తాలూకాలు అర్థమవుతాయి. ఇంకొకటి: కోరంగి అని ఉంటే అది పుట్టిన ఊరు కాకపోవచ్చు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళందరినీ కొరంగీలు అనేవారు.

సమస్య: అదే పేరు, అదే తండ్రి పేరు, పదకొండు మంది

సింహాచలం అప్పన్న మొక్కు మీద పుట్టినవాళ్ళు అప్పన్న, అప్పడు, అప్పలస్వామి, సింహాచలం. అనకాపల్లి నూకాలమ్మ పేరున నూకరాజు, నూకయ్య. విజయనగరం పైడితల్లి పేరున పైడిరాజు, పైడయ్య. ఈ పేర్లు ప్రాంతాన్ని చెప్తాయి, మనిషిని చెప్పవు. ఇక్కడ ముందూ వెనకా ఉన్న నంబర్లు చూడండి. ఒక ఊరివాళ్ళు కలిసి డిపోకి వెళితే పక్కపక్క నంబర్లు పడతాయి. ఆ నలుగురిలో మీ ఊరి పేర్లు, మీ చుట్టాల పేర్లు తగిలితే దారి సరైందే. వయసుని నమ్మకండి, అటూ ఇటూ అయిదేళ్ళు వదలండి. మచ్చల గడి తప్పకుండా చదవండి.

సమస్య: నిజంగానే పేరు మార్చుకున్నాడని ఆధారం ఉంది

అలాంటివాళ్ళూ ఉన్నారు. అప్పులు, ఇంట్లో గొడవ, కులంలో తగువు, బాప్తిస్మం, ఒకసారి తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళడం, ఏదైనా కావచ్చు. బాప్తిస్మమైతే అక్కడి చర్చి రిజిస్టరు అడగండి. మిగతా అన్నిటికీ నాకు పనికొచ్చింది ఒక్కటే: అతని పేరు వదిలేసి పిల్లల పేర్లు చూడటం. మనిషి తన పేరు మార్చుకుంటాడు గానీ, పెద్ద కొడుక్కి తండ్రి పేరు పెట్టడం మానడు. తాత పేరు మనవడికి అన్నది మనకి ఎముకల్లో ఉన్న సంగతి. ఇక్కడ తండ్రి పేరు పైడయ్య, అక్కడ పరాయి పేరుతో ఉన్నవాడి పెద్ద కొడుకు పైడయ్య, రెండో కూతురికి ఇక్కడి తల్లి పేరు. అప్పుడు ఆ మనిషి నంబరుతో ఓడ జాబితాకి వెనక్కి వెళ్ళి ఊరు సరిచూడండి. పిల్లల పేర్లు కలిసి ఊరు కలవకపోతే వదిలేయండి. ఆశ కొద్దీ అతికించిన వంశవృక్షాలు నేను రెండు చూశాను, అందులో ఒకటి నాదే.

సమస్య: ఏ జాబితాలోనూ లేడు

"రంగం ఎల్లాడు" అన్నారంటే బర్మాలోని రంగూన్. అక్కడికి నేటాల్ తరహా ఒప్పందం లేదు. కూలీల్ని పోగుచేసే మేస్త్రీ అప్పిచ్చి తీసుకెళ్ళేవాడు, డెక్కు మీద టికెట్టు, అంతే. పేర్ల జాబితా లేకపోవడం దాక్కోవడం కాదు. ఇంట్లో పాత మనియార్డరు రసీదులు, ఉత్తరాలు, పొలం కాగితాల్లో సాక్షుల సంతకాలు వెతకండి. ఉత్తరాలు ఏ ఏడాదిలో ఆగాయో చూడండి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాను వాళ్ళు వచ్చినప్పుడు లక్షల మంది కాలినడకన బయల్దేరారు, చాలామంది దారిలోనే పోయారు. ఆ ఏళ్ళలో ఆగితే ఎందుకు ఆగిందో ఊహించవచ్చు. 1960ల్లో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ కుటుంబాలు విశాఖలో ఇంకా ఉన్నాయి. కంచరపాలెం బర్మా క్యాంపులో ముసలివాళ్ళతో ఒక సాయంత్రం కూర్చోండి, టీ మాత్రం మీరే ఇప్పించండి.

డర్బన్ నుంచో మారిషస్‌లోని పోర్ట్ లూయిస్ నుంచో మనవలు ఇటు వెతుక్కుంటూ వస్తే చిక్కు తలకిందులవుతుంది. వాళ్ళ ఇంటిపేరు చెప్పి ఊళ్ళో అడిగితే ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది ఇక్కడ ఒక మనిషి పేరు. "అప్పడి మనవణ్ణి" అని చెప్పమనండి. తండ్రి పేరు, తల్లి పేరు, వాళ్ళింట్లో కొలిచే అమ్మోరి పేరు కూడా చెప్పించండి. మగవాళ్ళని కాక ముసలమ్మలని అడగండి. ఏ ఇంటిపేరువాళ్ళు ఏ వరస అవుతారో, ఎవరికి ఎవరినిచ్చారో, ఎవరు ఓడెక్కారో వాళ్ళకి తెలుస్తుంది.