గైడు మూసి, సంత గురించి ఎనిమిది వాక్యాలు

పోయిన ఏడాది ఎనిమిదో తరగతి ఇంగ్లిషు పేపర్లు దిద్దుతుంటే, ఒక పిల్లాడి 'మై ఫాదర్' వ్యాసంలో వాళ్ల నాన్న బ్యాంకు మేనేజరని ఉంది. నిజానికి ఆయన ఆటో నడుపుతాడు. రోజూ మా టీచర్లను బస్టాండు నుంచి బడికి తెచ్చేది ఆయనే. పిల్లాడు గైడులో ఉన్నది ఉన్నట్టు దింపాడు. ఆ వ్యాసం చూసి నేర్చుకోండని చెప్పి ఊరుకున్నది నేనే.

ఇప్పుడు మాదిరి వ్యాసం నేనే రాస్తున్నాను. ఎనిమిది వాక్యాలు దాటనివ్వను. విషయం మా ఊరి సోమవారం సంత. 'అవర్ మార్కెట్ ఈజ్ ఆన్ మండే. ఫార్మర్స్ సెల్ చిల్లీస్. మై మదర్ బైస్ ఆనియన్స్.' ఇలా సాగుతుంది. మొత్తం మీద కొత్త మాటలు మూడో నాలుగో. గైడులో వాక్యానికే అన్ని ఉంటాయి, వెనకబడ్డ పిల్లాడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

మొదటి పీరియడంతా చదవడమే. ఏ వాక్యం ఏ పని చేస్తోందో తెలుగులోనే అడుగుతాను. సంత ఎప్పుడో చెప్పింది ఏది? ఎవరొస్తారో చెప్పింది ఏది? ఇంగ్లిషు క్లాసులో తెలుగేమిటని మా తోటి మాస్టారొకరు విసుక్కుంటారు. అడక్కపోతే వాళ్లకు అర్థమైందని నాకెలా తెలుస్తుంది?

తరవాత క్రియల కింద గీతలు. ఇక్కడ మాత్రం తొందరపడకండి. మనకు క్రియ చివర వస్తుంది: 'రైతులు మిరపకాయలు అమ్ముతారు.' అందుకే పిల్లలు 'ఫార్మర్స్ చిల్లీస్ సెల్' అని రాస్తారు. అది మొద్దుతనం కాదు, తెలుగు. తెలుగు వాక్యం, దాని కింద ఇంగ్లిషు వాక్యం బోర్డు మీద రాసి, 'అమ్ముతారు' నుంచి 'సెల్'కు సుద్దముక్కతో బాణం గీస్తాను. మాట ఎక్కడి నుంచి ఎక్కడికి దూకిందో వాళ్లే చెప్తారు. ఇంకో తమాషా ఉంది. 'ఫార్మర్స్ సెల్'లో ఎస్ మనుషులకు అంటుకుంది, 'మదర్ బైస్'లో పనికి అంటుకుంది. ఇది పట్టుకున్న పిల్లకు ఆరోజు మా క్లాసులో గౌరవమే వేరు. 'ఎ', 'ది' జోలికి మాత్రం ఇప్పుడే పోను, అవి మన భాషలో లేనే లేవు.

కూడబలుక్కుని చదివేవాళ్లు నలుగురైదుగురు ఎప్పుడూ ఉంటారు. పాత క్యాలెండరు వెనక అవే వాక్యాలు రాసి, ముక్కలుగా కత్తిరించి ఇస్తాను. వరసలో పేర్చడమే వాళ్ల పని.

రెండో పీరియడ్‌లో బస్టాండు గురించి అందరం కలిసి రాస్తాం. వాళ్లు తప్పు చెప్పినా అలాగే బోర్డుకెక్కిస్తాను. మాదిరితో పోల్చుకుని వాళ్లే సరిచేస్తారు.

మూడో రోజు మాదిరి కాగితాలు వెనక్కి తీసేసుకుంటాను. గొడవ చేస్తారు, ఇవ్వకండి. ఎదురుగా ఉంటే సంత మళ్లీ సంతగానే వస్తుంది. బోర్డు మీద ఐదు క్రియలు మాత్రం ఉంచి, ఇంట్లో ఒకరి గురించి రాయమంటాను.

దిద్దేది క్రియ ఒక్కటే. నోటుపుస్తకాలు చూసి హెడ్‌మాస్టరు అడుగుతారని, పేజీ పైన 'ఈ వారం క్రియలు మాత్రమే' అని రాసిపెడతాను.

ఆ పిల్లాడు ఈసారి 'మై ఫాదర్ డ్రైవ్స్ ఆటో. హి వెయిట్స్ ఫర్ టీచర్స్' అని రాశాడు. ఆటో ముందు 'యాన్' లేదు. ఎర్ర పెన్ను పెట్టలేదు.