బీర్ ట్యాప్ హ్యాండిళ్లు సేకరించేవాళ్లకి: సమస్య - పరిష్కారం

అమెరికాలో బార్లలో బీరు పోసే కుళాయి (ట్యాప్) మీద నిలబడే ఆ రంగురంగుల హ్యాండిళ్లు పోగేసే మనవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొన్నాక వచ్చే ఇబ్బందులు కూడా దాదాపు ఇవే, కాబట్టి ఒక్కొక్కటీ చూద్దాం.

బిగించాక ముఖం పక్కకి తిరిగిపోతోంది

మర ఎక్కడ ఆగితే హ్యాండిల్ అక్కడే ఆగుతుంది, బొమ్మ ఎటు చూస్తోందన్నది దానికి పట్టదు. కొందరు ఇంకాస్త బలం పెట్టి ముందుకి తిప్పుదామని చూస్తారు, అప్పుడే లోపల మర ఉన్న ఇత్తడి గొట్టం (బుష్) రెసిన్‌లోంచి, అంటే బొమ్మ పోత పోసిన గట్టి ప్లాస్టిక్‌లోంచి, ఊడి వచ్చేస్తుంది. ట్యాప్ లీవర్ మీద, సరిగ్గా హ్యాండిల్ కింద, చిన్న గుండ్రటి కాలర్ ఉంటుంది. అది అలంకారం కాదు, నట్టు. దాన్ని కిందికి దించి, హ్యాండిల్‌ని పూర్తిగా ఎక్కించి, బొమ్మ ముందుకి వచ్చేదాకా కొంచెం వెనక్కి తిప్పి, అలా పట్టుకునే కాలర్‌ని పైకి తెచ్చి హ్యాండిల్ అడుగుకి ఆనించి బిగించండి. చేత్తో చాలు, పానా వద్దు.

అసలు మరే ఎక్కడం లేదు

అమెరికన్ ట్యాపులకి 3/8 ఇంచి మర, ఇంచికి 16 చుట్లు. యూరప్ హ్యాండిళ్లకి చాలావరకు మిల్లీమీటర్ల కొలత ఉంటుంది, వాటికి అడాప్టర్ కొనుక్కోవాల్సిందే. ఇండియాకి తీసుకెళ్లి షోకేస్‌లో పెట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: షాపులో చేతికిచ్చే 10 మి.మీ. బోల్టు అదే సైజులా కనిపిస్తుంది గానీ కాదు, 3/8 అంటే తొమ్మిదిన్నర మి.మీ. పైచిలుకే. బలవంతంగా తిప్పితే మర పోతుంది. పాత హార్డ్‌వేర్ షాపులో 3/8 విట్‌వర్త్ (పాత బ్రిటిష్ ఇంచి కొలత) బోల్టు అడగండి, దానికీ ఇంచికి 16 చుట్లే. చెక్క దిమ్మకి కన్నం చేసి కింద నుంచి దూర్చి దాని మీద హ్యాండిల్ నిలబెట్టడానికి అది సరిపోతుంది.

ట్యాప్ దానంతట అదే తెరుచుకుంటోంది

ఇంట్లో కెగ్ ఫ్రిజ్, అంటే బీరు పీపా పెట్టి ట్యాప్ బిగించిన ఫ్రిజ్, ఉన్నవాళ్ల సమస్య ఇది. పొడుగాటి రెసిన్ బొమ్మ బరువుకి లీవర్ ముందుకి వాలుతుంది, ట్యాప్ కాస్త అరిగి ఉంటే ఇక ఆగదు. వదిలేయగానే మూసుకునే స్ప్రింగ్ దొరుకుతుంది, అది వేయించండి. లేదంటే రోజువారీకి చిన్న హ్యాండిల్ పెట్టి, పెద్దది గోడకి పంపండి.

మెడ దగ్గర విరిగింది

రెసిన్ గట్టిదే కానీ పెళుసు. లాగేటప్పుడు పడే బలమంతా అడుగున బోల్టు అయిపోయే చోటే పడుతుంది. ఉత్త సూపర్‌గ్లూ నిలవదు. రెండు ముక్కల్లోనూ సన్నటి కన్నం చేసి, మధ్యలో స్టీల్ పుల్ల పెట్టి, రెండు ట్యూబుల ఎపాక్సీతో అతికించి ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. అతుకు మీద కొత్త రంగు మాత్రం వేయకండి. అతుకు కనిపించినా పరవాలేదు, అసలు రంగు పోతే మళ్లీ రాదు.

జిగట, మసక

ఎండిన బీరు, ఏళ్ల తరబడి పట్టిన సిగరెట్ పొగ. గోరువెచ్చని నీళ్లలో చుక్క డిష్ సోప్ వేసి, మెత్తటి గుడ్డ పిండి తుడవండి. చెక్కవాటిని నానబెట్టకూడదు. యాక్రిలిక్ వాటి మీద అద్దాలు తుడిచే అమోనియా స్ప్రే గానీ ఆల్కహాల్ గానీ వాడితే లోపల వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. వాటికి మందు లేదు.

పాతదని అమ్మారు, నమ్మొచ్చా?

1933లో మద్యనిషేధం ఎత్తేశాక, ఏ ట్యాపులో ఏ బీరు వస్తోందో తాగేవాళ్లకి కనిపించాలన్న నిబంధనలు వచ్చాయి, ఖరీదైన పేరు చెప్పి చవక సరుకు పోయకుండా. గుండ్రటి బాల్ నాబ్‌లు అప్పటివే: బేకలైట్ (తొలినాటి గట్టి ప్లాస్టిక్) లేదా క్రోమ్ గోళం, ముందువైపు బ్రూవరీ (బీరు తయారుచేసే కంపెనీ) పేరున్న ఎనామెల్ బిళ్ళ. పొడుగాటి ప్లాస్టిక్ హ్యాండిళ్లు తర్వాత వచ్చాయి, పెద్ద పెద్ద రెసిన్ బొమ్మలు క్రాఫ్ట్ బీర్‌తో, అంటే చిన్న బ్రూవరీల బీరుతో, వచ్చాయి.

మోసం ఎక్కువగా బిళ్ళలో ఉంటుంది. గోళం నిజంగా పాతదే, అందులో పెట్టిన బిళ్ళ కొత్తది. భూతద్దం పెట్టి చూడండి. అసలు ఎనామెల్‌లో గాజు మెరుపు ఉంటుంది, ఒక్కో రంగు ఒక్కో పొరగా అంచుతో సహా తెలుస్తుంది, పెచ్చు లేచిన చోట లోహం, తుప్పు కనిపిస్తాయి. అక్షరాల్లో సన్నటి రంగు చుక్కలు కనిపిస్తే అది ఈమధ్య ప్రింట్ చేసిందే. గోళం అరిగి గీతలు పడి ఉండి, బిళ్ళ మాత్రం నిన్న చేసినట్టు తళతళలాడుతుంటే ధర మాట్లాడకుండా వచ్చేయండి. బేకలైట్‌ని బొటనవేలితో వేడెక్కేదాకా రుద్దితే ఫినాయిల్ లాంటి ఘాటు వాసన వస్తుంది, మామూలు ప్లాస్టిక్‌కి రాదు.

ఏ కాలానిదో తేలడం లేదు

ఇక్కడ చాలామంది బ్రాండ్ పేరు వెతుకుతారు, నేనైతే ముందు ఊరి పేరు చూడమంటాను. బ్రాండ్ చేతులు మారుతూనే ఉంటుంది, బ్రూవరీ మాత్రం ఒక ఊళ్లో పుట్టి ఒక తేదీన మూతపడుతుంది. మనవాళ్లకి ఎయిర్‌పోర్టుగా తెలిసిన న్యూజెర్సీలోని నెవార్క్‌లోనే బాలంటైన్ బ్రూవరీ ఉండేది, 1972లో అక్కడ మూసేశారు, పేరు ఫాల్‌స్టాఫ్ అనే ఇంకో బీరు కంపెనీకి వెళ్లింది. కాబట్టి బాలంటైన్ బిళ్ళ మీద నెవార్క్ అని ఉంటే అది అంతకు ముందుదని చెప్పొచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో టమ్‌వాటర్‌లోని ఒలింపియా బ్రూవరీ 2003లో ఆగిపోయింది, బీరు మాత్రం వేరేచోట కాచి అదే పేరుతో అమ్మారు. ఇంకా తేలకపోతే బ్రూవరీ వస్తువుల సేకర్తల సంఘాలున్నాయి, 1970లో బీర్ క్యాన్ల సంఘంగా మొదలైన బీసీసీఏ, బ్రూవరీల ప్రకటన వస్తువులు సేకరించేవాళ్ల 1972 నాటి నాబా. వాటి సమావేశాల్లో పాతవాళ్లు చేతిలోకి తీసుకుని చూసి చెప్పేస్తారు.

ఒక్కసారిగా ధర పెరిగింది

బ్రూవరీ మూతపడిందన్న వార్త రాగానే దాని హ్యాండిళ్ల ధర ఎగబాకుతుంది, శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ దీనికి మంచి ఉదాహరణ. మూతపడబోతున్న ఆ బ్రూవరీని 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ కొని నిలబెట్టాడు, అమెరికన్ క్రాఫ్ట్ బీర్ కథ అక్కడి నుంచే మొదలైందని చాలామంది అంటారు, నా మాటా అదే. 2017లో జపాన్ బీరు కంపెనీ సపోరో కొంది, 2021లో చేత్తో గీసిన పాత లేబుళ్లు తీసేసి కొత్త డిజైన్ పెట్టింది, 2023లో మూసేసింది. 2024లో చొబానీ పెరుగు కంపెనీ పెట్టిన హమ్దీ ఉలుకాయా కొన్నాడు. మూత వార్త వచ్చిన వారం ఆ కంగారులో ఏదీ కొనకండి. పెద్ద బ్రూవరీ హ్యాండిళ్లు బార్ల నుంచి బయటికి వస్తూనే ఉంటాయి, కొన్ని నెలల్లో ధర దిగుతుంది. యాంకర్‌ది కొనేటప్పుడు 2021కి ముందు డిజైన్ ఉన్నదాన్నే తీసుకోండి, అదీ వాడకం గీతలున్నదైతే ఇంకా మంచిది.